బెత్తెడు దూరపు రేడియో

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో డి.ఎ. బకాయిల చర్చ ముగిసిన తరువాత ఒక సభ్యులు తమ బ్యాంకు కార్డు తీసి చూపించి, "ఇందులో వైర్‌లెస్ ఉన్నదట. బస్సులో పక్కన నిలబడ్డవాడు మెషీను తగిలించి డబ్బు లాగేస్తాడట. నిజమేనాండీ?" అని అడిగారు. అక్కడ ఉన్నవారిలో వైర్‌లెస్ విభాగంలో పనిచేసినవాణ్ణి నేనొక్కడినే. అందరూ నా వైపు చూశారు. నేను ఏదో జవాబు చెప్పాను. అది ఎవరికీ సరిగా అర్థం కాలేదని తరువాత తెలిసింది. అందుకు శిక్షగా కార్యదర్శి గారు నాకు ఈ అరగంట కేటాయించారు. మీకూ అది శిక్ష కాకుండా చూసుకుంటాను.

మనలో చాలామందికి రేడియో లైసెన్సు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకుని రావలసి వచ్చేది. 1980ల దశకంలో అది రద్దయింది. పాట వినడానికి కూడా సర్కారు అనుమతి ఎందుకని అప్పట్లో విసుక్కున్నాము. దాని వెనుక రెండు చట్టాలు ఉన్నాయి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఒకటి, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం మరొకటి. ఇప్పుడు వాటి స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. చట్టాలు మారినా మూల సూత్రం మారలేదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే చోట ఇద్దరు మాట్లాడితే ఇద్దరి మాటా పాడవుతుంది. కాబట్టి ఎవరు ఎక్కడ మాట్లాడాలో ఒకరు పంచిపెట్టాలి. మన దేశంలో ఆ పనికి 1952లో వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగాన్ని ఏర్పాటు చేశారు. మా ఉద్యోగమంతా ఆ పంపకం చుట్టూనే తిరిగింది. ఊళ్లో కాలువ నీళ్లు వంతుల వారీగా వదలడం చూసినవారికి ఇంతకంటె వివరం అక్కరలేదు.

ఈ కాలువ విలువ ఎంతో కూడా చెప్పాలి. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీం కోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2022లో 5జి కోసం జరిగిన వేలంలో కంపెనీలు పాడిన మొత్తం లక్షా యాభై వేల కోట్ల రూపాయల పైచిలుకు. అలాంటి స్పెక్ట్రమ్‌లో ఒక చిన్న ముక్కను మీ జేబులోని కార్డు పైసా కట్టకుండా, ఎవరినీ అడగకుండా వాడుకుంటున్నది. ఆ ముక్క 13.56 మెగాహెర్ట్జ్. వెడల్పు కేవలం 14 కిలోహెర్ట్జ్. అంటే 13.553 నుండి 13.567 వరకు. మెట్రో కార్డు, కొత్త ఈ-పాస్‌పోర్టులోని చిప్పు, ఫోనుతో చెల్లింపు, ఆఫీసుల్లో తలుపు తెరిచే కార్డు, అన్నీ ఆ సన్నటి సందులోనే. హైదరాబాదులో అయినా విజయవాడలో అయినా ఒకే నిమిషంలో ఎన్ని దుకాణాల్లో ఎన్ని కార్డులు ఆ మెషీన్లకు తాకుతుంటాయో ఊహించండి. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీదే. మరి ఒకరి మాట ఒకరికి ఎందుకు అడ్డు రావడం లేదు?

విద్యుత్ శాఖలో పనిచేసిన మిత్రులకు ఇది సులువుగా తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మరులో రెండు చుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో కరెంటు పారితే దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం రెండవ చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. మధ్యలో తీగ కలిసి ఉండదు. దుకాణంలోని మెషీను ఒక చుట్ట, కార్డులోని సన్నని రాగి తీగ మరొక చుట్ట. నడుమ ఇనుప గుండె తీసేసిన ట్రాన్స్‌ఫార్మరు అనుకోండి. కార్డులో బ్యాటరీ లేదు. మెషీను పెట్టే తిండి తిని ఆ క్షణానికి బ్రతుకుతుంది, జవాబు చెప్పి మళ్లీ పడుకుంటుంది. జవాబు కూడా తనంత తాను ప్రసారం చేయదు. తాను తీసుకునే కరెంటును చప్పున ఎక్కువ, తక్కువ చేస్తుంది. ఆ లాగుడు అవతలి చుట్టలో తెలుస్తుంది. బావిలో చేద ములిగిందీ లేనిదీ పైన తాడు పట్టుకున్నవాడికి చేతికి తెలిసినట్లే.

ఆకాశవాణి తరంగం ఇలాంటిది కాదు. అది ఏరియల్‌ను విడిచి వెళ్లిపోతుంది, తిరిగి రాదు. దూరం రెట్టింపు అయితే దాని క్షేత్రం సగమవుతుంది, శక్తి నాలుగో వంతు అవుతుంది. మెల్లగా తగ్గుతుంది కనుకనే విజయవాడ కేంద్రం వారి వార్తలు జిల్లాలు దాటి వినిపించేవి. కాని చుట్టను అంటిపెట్టుకుని ఉండే అయస్కాంత క్షేత్రం అలా కాదు, ఘనపు లెక్కన పడిపోతుంది. దూరం రెట్టింపు అయితే క్షేత్రం ఎనిమిదో వంతు, శక్తి 64వ వంతు. దూరం పది రెట్లు అయితే క్షేత్రం వెయ్యో వంతు, శక్తి పది లక్షల వంతుల్లో ఒక వంతు. 4 సెంటీమీటర్ల దగ్గర చక్కగా పనిచేసే కార్డు 40 సెంటీమీటర్ల దగ్గర, మూరెడు దూరం కూడా కాదు, మెషీనుకు లేనట్లే లెక్క. 13.56 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం సుమారు 22 మీటర్లు. ఈ చుట్టరికం సుమారు మూడున్నర మీటర్ల లోపు వ్యవహారం. దీనినే మావాళ్లు సమీప క్షేత్రం అంటారు.

కాబట్టి ఇక్కడ లైసెన్సు పని దూరమే చేస్తున్నది. పక్క కౌంటరు గజం దూరంలో ఉన్నా వేరే ఊరిలో ఉన్నట్లే. ప్రభుత్వాలు చేయవలసింది ఎవరికి ఏ ఫ్రీక్వెన్సీ అని పంచడం కాదు, ఎవరూ గొంతు పెంచకుండా చూడడం. అందుకే నిబంధనలలో యజమాని పేరు ఉండదు, బలానికి హద్దు మాత్రం ఉంటుంది. ఐరోపాలో 10 మీటర్ల దూరాన, అమెరికాలో 30 మీటర్ల దూరాన క్షేత్రం ఇంతకు మించరాదని కొలత పెట్టుకున్నారు. అసలు ఈ 13.56ను ఇలా విడిచిపెట్టింది నిన్న మొన్న కాదు. 1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో, ఫ్యాక్టరీలలో వేడి చేసే యంత్రాలు, వైద్య పరికరాలు ఇష్టం వచ్చినట్లు రొద చేసుకోవడానికి కొన్ని సందులు వదిలారు. ఇది వాటిలో ఒకటి. రొద కోసం వదిలిన సందులో తరువాతి తరం వారు గుసగుసలు మొదలుపెట్టారు. హాంకాంగ్‌లో 1997లో ఆక్టోపస్ అనే కార్డు వచ్చింది. దానిని తాకించి రైలెక్కేవారు. 2004లో నోకియా, ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి ఎన్.ఎఫ్.సి. ఫోరమ్ పెట్టుకున్న తరువాత ఆ గుసగుస ఫోనులోకి వచ్చింది.

ఒకే పర్సులో రెండు మూడు కార్డులు ఉంటే? అప్పుడు దూరం కాపాడదు, అన్నీ ఒకేచోట ఉన్నాయి గదా. అక్కడ హాజరు పట్టీ పద్ధతి ఉన్నది. అందరూ ఒక్కసారి "ప్రెజెంట్ సార్" అంటే ఎవరు పలికారో మాస్టారికి తెలియదు. అందుకని మెషీను, మీ నంబరులో మొదటి అంకె సున్నా ఉన్నవారే పలకండి, రెండవ అంకె ఒకటి ఉన్నవారే పలకండి అంటూ ఒక్కొక్కరినీ విడదీస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. డబ్బు చెల్లించే మెషీన్లు మాత్రం రెండు కార్డులు కనిపిస్తే ఒక్కటే చూపమని ఆగిపోతాయి. అది మంచిదే. పర్సు మొత్తం మెషీను మీద పెట్టే అలవాటు ఉన్నవారు దానిని మానుకుంటే చాలు.

ఇప్పుడు బస్సులో దొంగ సంగతి. అతని మెషీను మీ కార్డుకు అంగుళం, రెండంగుళాల దగ్గరకు రావాలి. మెషీను ఏదో ఒక బ్యాంకు ఇచ్చినదై, ఒక ఖాతాకు కట్టి ఉండాలి. పిన్ లేకుండా ఒకసారికి 5,000 రూపాయలు దాటి పోవు. 2021 జనవరి 1 నుండి రిజర్వు బ్యాంకు ఆ పరిమితిని 2,000 నుండి పెంచింది. మెషీనుకూ కార్డుకూ జరిగే సంభాషణను కొన్ని మీటర్ల దూరం నుండి పొంచి వినవచ్చునని పరిశోధకులు చూపించిన మాట నిజమే. కాని వినడం వేరు, కార్డుకు తిండి పెట్టి లేపడం వేరు. పైగా ప్రతి చెల్లింపుకూ కార్డు ఒక కొత్త సంకేతం ఇస్తుంది. నిన్నటిది ఈ రోజు చెల్లదు. అయినా భయం తీరకపోతే 2020 నుండి ఈ సదుపాయాన్ని మనమే మూసుకునే వీలు ఉన్నది. బ్యాంకు యాప్‌లో గాని, బ్రాంచికి వెళ్లి గాని మూయించుకోవచ్చు. నన్నడిగితే మనవాళ్ల డబ్బు పోతున్నది కార్డు తాకిడితో కాదు, ఫోనులో తీయగా మాట్లాడి ఓ.టి.పి. అడిగేవారితో. అది వేరే సభకు ఉంచుదాము.

మూడున్నర మీటర్ల లోపు ఎవరి గొంతు వారిది, ఎవరికీ ఎవరూ అడ్డు రారు అని ఇంతసేపూ గొప్పగా చెప్పాను. ఆ మూడున్నర మీటర్ల లోపలే అడ్డు వస్తే ఏమిటి అన్నది మా ఇంట్లోనే తేలింది.

మా ఆవిడకు పదేళ్లుగా చెవి మిషను ఉన్నది. అందులో "టి" అనే స్థానం ఒకటి ఉంటుంది. అక్కడ పెడితే మైకు ఆగిపోయి లోపలి చిన్న తీగచుట్ట పని మొదలుపెడుతుంది. టెలిఫోను రిసీవరులోని చుట్ట నుండి మాటను అయస్కాంత క్షేత్రం ద్వారానే అందుకుంటుంది. కార్డులకంటె చాలా ముందే పుట్టిన సమీప క్షేత్రపు సంభాషణ అది. నేను టెలిఫోన్లవాడిని కనుక మా ఇంట్లో పాత ల్యాండ్‌లైను ఇప్పటికీ ఉన్నది. ఆవిడ ప్రతి రాత్రి భోజనాలయ్యాక రాజమండ్రిలో ఉన్న వాళ్ల అక్కయ్యతో దానిలో మాట్లాడేది.

ఒక సంక్రాంతికి మనవడు బెంగుళూరు నుండి వస్తూ మాకొక బహుమతి తెచ్చాడు. తీగ గుచ్చకుండా ఫోను దాని మీద పెడితే చార్జింగు అయ్యే పళ్లెం. దానిని టెలిఫోను బల్ల మీద అందంగా అమర్చాడు. అతను వెళ్లిన వారానికి ఆవిడ, "ఏమండీ, అక్కయ్య మాట వినబడటం లేదు. చెవిలో ఏదో తుమ్మెద తిరుగుతున్నది" అన్నది. నేను రిసీవరు పెట్టుకుని వింటే లైను శుభ్రంగా ఉన్నది. మిషను అమ్మిన చోటికి తీసుకువెళితే వారు పరీక్షించి, దోషమేమీ లేదు, వయసుతో వినికిడి తగ్గుతుంది అన్నారు. మా అబ్బాయి ఫోనులో, "అమ్మకు భ్రమ పడుతున్నదేమో, ఒకసారి డాక్టరుకు చూపించండి నాన్నా" అన్నాడు. నేను కూడా లోపల అదే అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు వైర్‌లెస్‌లో పనిచేసి, ఎక్కడి నుండి రొద వస్తున్నదో వెతకడమే వృత్తిగా బ్రతికినవాడిని, నా భార్య రొద వస్తున్నదంటే నమ్మలేదు.

రెండు నెలలు ఆవిడ ఫోను ముట్టుకోలేదు. అవతల అక్కగారు తన మీద ఏదో కోపం వచ్చిందనుకున్నారట. చివరికి ఒక రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టరు లైను ఆ గదికి లేదు. ల్యాండ్‌లైనుకు మన కరెంటుతో పని లేదు గదా. అక్కగారే ఫోను చేశారు. చీకట్లో ఆవిడ తీసి, మునుపటిలాగే అరగంట మాట్లాడింది. నేను పక్క గదిలో విని లేచి కూర్చున్నాను.

మర్నాడు నా పాత ట్రాన్సిస్టరు తీశాను. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలిపి బల్ల దగ్గరకు తీసుకువెళ్లాను. చార్జింగు పళ్లెం దగ్గర గీపెట్టింది. రెండు గజాలు వెనక్కు వస్తే మోత లేదు. ఆ పళ్లేలు సుమారు 100 నుండి 205 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. దాని మూల స్వరంతో పాటు రెట్టింపులు, మూడు రెట్లు, ఆరు రెట్లు అంటూ పిల్ల స్వరాలు కూడా పుడుతుంటాయి. 123ను ఆరుతో గుణించండి, 738. మనం ఏళ్ల తరబడి విన్న హైదరాబాద్ 'ఎ' కేంద్రం అంకె అదే. ఇక పళ్లెం, ఫోను తమలో తాము మాట్లాడుకోవడానికి ఆ క్షేత్రాన్ని వినికిడి స్వరాల వేగంతో ఎక్కువ, తక్కువ చేస్తుంటాయి. ఆవిడ చెవిలోని తుమ్మెద అదే. రిసీవరుకూ పళ్లేనికీ నడుమ జానెడు దూరం.

ఎవరిది తప్పు? పళ్లెం కొలతల ప్రకారమే పనిచేస్తున్నది. చెవి మిషను బాగానే ఉన్నది. టెలిఫోను బాగానే ఉన్నది. తక్కువ శక్తి, తక్కువ దూరపు పరికరాలకు మన దేశంలో 2018 నిబంధనలు లైసెన్సు మినహాయింపు ఇచ్చాయి. ఇలాంటి మినహాయింపుల వెనుక మూడు షరతులు ఉంటాయి. ఇతరులకు అంతరాయం కలిగించరాదు. నీకు అంతరాయం కలిగితే రక్షణ కోరరాదు. ఈ ఫ్రీక్వెన్సీ ఎవరి సొంతమూ కాదు. ఆఫీసులో ఉన్నప్పుడు ఆ రెండవ షరతును ఎన్నోసార్లు ఫైళ్లలో రాశాను. రక్షణ లేదు అన్న మాటకు అర్థం మా ఆవిడ రెండు నెలల మౌనమని అప్పుడు తోచలేదు. ఆకాశవాణికి అడ్డు వస్తే మా జీపు కదిలేది. ఇంట్లో రెండు గజాల లోపు జరిగేదానికి ఏ జీపూ రాదు. పళ్లేన్ని హాల్లోకి మార్చాను, అంతే. ఆవిడకు క్షమాపణ చెప్పాను. అది ఇక్కడ కూడా చెప్పమన్నది, చెప్పాను.

కనుక ఇంట్లో పెద్దవారు చెవిలో మోత అంటే డాక్టరుకు తప్పక చూపించండి. దానితో పాటు ఇల్లు కూడా ఒకసారి చూడండి. ఇన్వర్టరు, ఎల్.ఇ.డి. దీపం, చౌకరకం చార్జరు, ఇవన్నీ "టి" స్థానంలో ఉన్న మిషనుకు ఇబ్బంది పెట్టగలవు. కొత్త రకం మిషన్లలో కుడి చెవిది, ఎడమ చెవిది తమలో తాము మాట్లాడుకోవడానికి కూడా కొన్ని కంపెనీలు ఈ అయస్కాంత పద్ధతినే వాడుతున్నాయి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని మన తలలోని నీరు పీల్చేస్తుంది. అయస్కాంత క్షేత్రానికి తల అడ్డు రాదు.

పేస్‌మేకరు ఉన్న సభ్యులకు ఒక మాట. మనలో ఒకరు మెట్రో గేటుకు భయపడి ఆటోలలోనే తిరుగుతున్నారు. గేట్ల దగ్గర, దుకాణాల్లో దొంగతనం పట్టే స్తంభాల దగ్గర మామూలు నడకతో దాటిపోవచ్చు. అక్కడే నిలబడి కబుర్లు చెప్పకూడదు, వాటికి ఆనుకోకూడదు. అసలు జాగ్రత్త చొక్కా ఎడమ జేబు విషయంలో. 2020 నుండి వచ్చిన కొన్ని ఫోన్లలో చార్జరు మీద సరిగ్గా కూర్చోవడానికి బలమైన అయస్కాంతాల వలయం పెడుతున్నారు. పేస్‌మేకరు అయస్కాంతం దగ్గరకు వస్తే వేరే పద్ధతిలోకి మారేటట్లు తయారై ఉంటుంది, డాక్టర్లు పరీక్ష కోసం వాడుకునే సదుపాయం అది. జేబులోని ఫోను ఆ పని చేయకూడదు గదా. అమెరికా ఎఫ్.డి.ఎ. వారు 2021లో ఇలాంటి ఫోన్లను, చేతి గడియారాలను గుండె పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమన్నారు. ఇది స్పెక్ట్రమ్ సంగతి కాదు, ఉత్త అయస్కాంతం. కాని తగ్గుదల మాత్రం అదే ఘనపు లెక్క. ఎడమ జేబులోనిది కుడి ప్యాంటు జేబులోకి మారితే చాలు. మీ గుండె డాక్టరును కూడా అడగండి, మీ పరికరం మోడలు వారికి తెలుస్తుంది.

కొత్త పేస్‌మేకర్లు డాక్టరుతో మాట్లాడే 402 నుండి 405 మెగాహెర్ట్జ్ సందులోనే వాతావరణ శాఖ వారు ఎగరవేసే బెలూన్లు కూడా మాట్లాడతాయి. ఒంట్లోని పరికరం గొంతు 25 మైక్రోవాట్లకు మించరాదని హద్దు. బెలూను ఆకాశంలో, ఇది గుండెలో. ఇద్దరికీ పేచీ లేదు. ఈ పంపకం చేసిన మహానుభావుడెవరో గాని, నేను రిటైరైన తరువాత తెలుసుకున్న విషయాలలో నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

రాబోయే పేచీ మరొకటి ఉన్నది. విద్యుత్ కార్లను తీగ గుచ్చకుండా నేల మీది పళ్లెం నుండి చార్జి చేసే పద్ధతికి 85 కిలోహెర్ట్జ్ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. అక్కడికి దగ్గరలోనే 77.5 మీద జర్మనీ వారి గడియారపు సంకేతం, 60 మీద బ్రిటను, అమెరికా వారివి ఉన్నాయి. ఫోను పళ్లేనికి కొద్ది వాట్లు చాలు. కారుకు కిలోవాట్లు కావాలి. 2019 ప్రపంచ రేడియో సమావేశం నాటికే దీని మీద చర్చ జరిగింది. రేడియో ప్రసారకులు అభ్యంతరాలు చెప్పారు. ఘనపు లెక్క ఎంత దయగలదైనా మొదటి అంకె పెద్దదైతే పొరుగింటి దాకా వస్తుంది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. నా ట్రాన్సిస్టరు ఈ సంచిలోనే ఉన్నది. టీ విరామంలో ఎవరైనా చార్జరు, చెవి మిషను తెచ్చి ఉంటే కిటికీ పక్క బల్ల దగ్గరకు రండి, ఏది ఎంత దూరం గీపెడుతుందో వినిపిస్తాను. పేస్‌మేకరు ఉన్నవారు మాత్రం ఈ వైపు కుర్చీలలోనే కూర్చుని వినండి, టీ అక్కడికే పంపిస్తారు. సెలవు.